ముందే పడ్డ దెబ్బ

ఆయన పోయారన్న కబురుతో పాటే ఆ పాట కూడా వచ్చింది. మా కోచింగ్ సెంటర్ వాట్సాప్ గ్రూపులో ముందు ఎవరో ఆయన ఫోటో పెట్టారు. గుండె ఆగిపోయిందని రాశారు. దాని కింద వరసగా జోడించిన చేతుల బొమ్మలు. వాటి మధ్యలో, ఆయన దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు ఒక పాట పెట్టి, ‘మా సార్ కొట్టిన ఆ ఒక్క దెబ్బ చాలు, ఎప్పటికీ గుర్తుండిపోతారు’ అని రాశాడు. అది అందరికీ నచ్చింది. ఆ సాయంత్రానికల్లా అదే పాట నాకు మరో ఇద్దరు ముగ్గురు పంపించారు.

ఏ దెబ్బను తలుచుకుని ఆయన ఇన్నేళ్లూ సిగ్గుపడ్డారో అదే ఆయనకు నివాళి అయి కూర్చుంది. ఫోను బల్ల మీద బోర్లా పెట్టేశాను. ఇది తప్పని ఎవరికి చెప్పాలి? చెప్పినా వినే ఓపిక ఎవరికుంటుంది? నాకు చెప్పే ఓపిక మాత్రం ఎక్కడుంది?

తెలియనివారి కోసం నాలుగు మాటలు. ‘లిఫ్టు లేదు’ అని ఒక బ్యాండు ఉంది. హైదరాబాదు కుర్రాళ్లు. సినిమాలకు పాడరు, పెళ్లిళ్లకు వాయించరు. తమ పాటలు తామే రాసుకుని, తామే బాణీ కట్టుకుని, గిటార్లతో పాడుకుంటారు. మొదట్లో వాళ్లు సాధన చేసింది అమీర్‌పేటలో మేం పాఠాలు చెప్పే బిల్డింగు పై అంతస్తులో. కింద మెట్ల దగ్గర వేలాడే అట్టముక్క మీది రెండు మాటల్నే పేరుగా పెట్టుకున్నారు. ఇంతవరకు మూడు ఆల్బమ్‌లు తెచ్చారు. మొదటిదానిలో ‘తలుపు’ అని ఒక పాట ఉంది. గిటారు ఒక్కటే సన్నగా మోగుతూ ఉంటుంది. గొంతు నింపాదిగా మొదలవుతుంది: ‘వాన ఆగింది, ఇక తలుపు తీయి.’ ఆ వాక్యం పూర్తయ్యాక డ్రమ్స్ అందుకోవాలి. కాని ‘తలుపు’ అనగానే ఒక దెబ్బ పడుతుంది. పాడేవాడు తడబడి, ఆగి, ‘తీయి’ అన్న మాటను ఆలస్యంగా అంటాడు.

అభిమానులకు ఆ దెబ్బే ప్రాణం. బయట ఎవరో నిజంగా తలుపు తట్టినట్టుందంటారు. ఎంత ఆలోచించి పెట్టారో అంటారు. వాళ్లు పాడేచోట ఆ మాట రాగానే వచ్చినవాళ్లంతా ఒక్కసారిగా తొడ మీద చరుచుకుంటారు.

ఆ దెబ్బ కొట్టింది ఈయనే. అది ఆలోచించి పెట్టింది కాదు, తప్పు అన్నదీ ఈయనే.

నేను ఆ బిల్డింగులో గ్రూప్స్ పరీక్షల వాళ్లకు తెలుగు సాహిత్యం చెప్పడానికి చేరాను. ఎందుకు చేరవలసి వచ్చిందన్నది ఇక్కడ అనవసరం. మా తాతగారి రోజుల్లో దసరాకు మా ఇంట కచేరీలు జరిగేవి. పెద్ద పెద్ద విద్వాంసులు కూడా రాగం ముగించి ముందు వరస కుర్చీల వైపు ఒకసారి చూసేవారు. ఆ చూపు వరకు చెబితే చాలు. తర్వాత పొలాలు పోయాయి, కుర్చీలు పోయాయి. పాట మీద తీర్పు చెప్పే అలవాటు మాత్రం నా దగ్గర మిగిలింది. దాన్ని వేలం వేయడం ఎవరికీ చేతకాలేదు.

ఆయన మా ఎదుటి గదిలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెప్పేవారు. ఒకరు రాసిన ప్రోగ్రాములో తప్పు ఎక్కడుందో ఇంకొకరు వెతికి పట్టుకునే పని అది. నాకంటే పదిపన్నెండేళ్లు చిన్న. సనత్‌నగర్‌లో పుట్టి పెరిగిన మనిషి. తండ్రి అక్కడి ఫ్యాక్టరీలో ఫిట్టరు. పొట్టిగా, భుజాలు కాస్త ముందుకు వంగి ఉండేవారు. చొక్కా చేతులు ఎప్పుడూ మోచేతుల దాకా మడిచే ఉండేవి. కుదురుగా కూర్చున్నప్పుడు కూడా రెండు వేళ్లు దేనిమీదో ఒకదాని మీద ఆడుతూ ఉండేవి: టిఫిన్ డబ్బా మూత, మెట్ల కమ్మీ, పరీక్ష పేపర్ల కట్ట.

నన్ను ‘జమీందార్ సార్’ అని పిలిచేవారు. నేనెప్పుడూ ఆయనకు మా ఇంటి సంగతులు చెప్పలేదు. నన్ను చూసి ఆయనే పెట్టుకున్న పేరు. మావాళ్లు జమీందార్లు కారని, ఇనాందార్లని ఒకసారి సవరించాను.

“గదే కద సార్,” అన్నారు, “ఏదో ఒక దార్.”

స్టాఫ్ రూమ్ అనే పేరున్న ఇరుకు గదిలో ఒక మధ్యాహ్నం ఆయన చెవిలోని ఇయర్‌ఫోన్లలో ఒకటి తీసి, జేబురుమాలుతో శుభ్రంగా తుడిచి, నా ముందు పెట్టారు.

“జర గిది వినుండ్రి సార్.”

“నాకు ఇలాంటివి అలవాటు లేదండి.”

“అలవాటు లేనోళ్లే మంచిగ వింటరు. అలవాటైనోళ్లు వినేది బంద్ చేస్తరు.”

కాదనడం మర్యాద కాదని విన్నాను. పాట అయ్యేదాకా ఆయన నా ముఖం వైపు చూడలేదు. కిటికీలోంచి ఎదుటి హాస్టల్లో ఆరేసిన బట్టలు చూస్తూ కూర్చున్నారు. ఎలా ఉందని కూడా అడగలేదు. నేనే అన్నాను.

“కుర్రవాడి గొంతు బాగుంది. కాని ఆ డోలువాడు తొందరపడ్డాడు. సాహిత్యం పూర్తి కానివ్వలేదు.”

ఆయన లేచి నిలబడ్డారు. ఏదో తప్పుగా అన్నాననుకున్నాను. చేయి చాచి నా చేయి పట్టుకుని గట్టిగా ఊపారు.

“ఇన్నేండ్లల్ల ఒక్కడు అనలే సార్ గీ మాట. మీరొక్కరే.”

“అందులో ఏముందండి. ఎవరికైనా వినిపిస్తుంది.”

“గా డోలువాడు నేనే.”

మా పరిచయం అలా మొదలైంది. అప్పటి నుంచి సాయంత్రం క్లాసులు అయ్యాక ఇద్దరం అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా నడిచేవాళ్లం. మెట్రో స్తంభాల కింద, కోచింగ్ సెంటర్ల కరపత్రాలు పంచేవాళ్లను తప్పించుకుంటూ. పంజాగుట్టలో ఒక హోటల్లో టీ తాగి, తిరిగి మెట్రో ఎక్కి, నేను మధురానగర్‌కు, ఆయన సనత్‌నగర్‌కు. దారి పొడుగునా ఆయన మాట్లాడేది ఒకటే సంగతి, ఆ బ్యాండు పాటలు. తను వదిలేసి వచ్చిన బ్యాండు గురించి మనిషి అంత మాట్లాడుతుంటే ఎక్కడో ఒకచోట కడుపుమంట బయటపడుతుందని చాలాకాలం కాచుకుని ఉన్నాను. బయటపడలేదు.

“ఎందుకు వదిలేశారు?” అని ఒకసారి అడిగాను.

“నాకు పెండ్లి అయింది, వాండ్లకు వ్యాన్ దొరికింది. ఎవని దారి వాడు పట్టినం.”

తన తర్వాత వచ్చిన డ్రమ్మరు గురించి అడిగితే, “నా కన్న మంచిగ వాయిస్తడు. వాడికి ఎడమ చెయ్యి సుత ఉన్నది” అన్నారు.

పాట బాగుంది, బాగాలేదు అనే మాటలు ఆయన నోట నేను వినలేదు. పాట ‘నిలబడ్డది’ అనేవారు, లేకపోతే ‘కూసున్నది’ అనేవారు. నిలబడ్డ పాట చుట్టూ తిరిగి చూడొచ్చట. కూచున్న పాటను కూచోబెట్టినవాళ్లే లేపాలట. కొత్త పాటను మొదటిసారి ఎప్పుడూ నిలబడి, వీలైతే కిక్కిరిసిన బస్సులో వినాలన్నది ఆయన నియమం. ఇంట్లో కుర్చీలో వింటే ప్రతి పాటా మంచిగనే ఉంటదని, అది కుర్చీ గొప్పతనమని చెప్పేవారు. కుర్చీ మాట వచ్చినప్పుడల్లా నా వైపు ఓరగా చూసేవారు.

మొదటి ఆల్బమ్ పేరు ‘అద్దెకు ఇవ్వబడును’. దాని మీద ఆయనకు జాలి తప్ప ప్రేమ లేదు. “పోరగాండ్లు బస్సు కోసం ఉరుకుతున్నట్టు ఉంటది సార్. బస్సు ఎటు పోతదో వాండ్లకు ఎరుకలేదు. ఉరుకుడు మాత్రం మస్తు ఉరికినం.” రెండోది ‘ట్యాంకర్’. నీళ్ల కోసం వీధిలో నిలబడ్డ జనం గురించి, అపార్టుమెంటు మీటింగుల గురించి, ఎండిన బోర్ల గురించి పాటలు. ఆయన లేకుండా వచ్చిన మొదటి ఆల్బమ్ అది. అదే వాళ్ల అసలు ఆల్బమ్ అని ఆయన అభిప్రాయం. “నేను ఉంటే ఇంత మంచిగ రాకపోయేది,” అని ఒకసారి రోడ్డు దాటుతూ అన్నారు. అందులో వినయమేమీ లేదు. లారీ వస్తోంది, ఆగండి అన్నట్టుగానే చెప్పారు.

మూడోది ‘సైలెంట్ మోడ్’. బంజారా హిల్స్‌లో ఏదో పెద్ద స్టూడియోలో చేశారు. నాకు అది నచ్చింది. ప్రతి అక్షరమూ స్పష్టంగా వినిపిస్తుంది. ఆ మాటే అన్నాను.

“మాటలు అంత క్లియర్‌గ వినబడితే అవి వార్తలు సార్. పాట కాదు.”

“సాహిత్యం వినబడనక్కర్లేదంటారా?”

“వినబడాలె. గని జర కష్టపడి వినాలె. గిండ్ల ఏసీ ఎక్కువైంది. పాడెటోనికి చెమట పట్టలే.”

“చెమటను బట్టి సంగీతాన్ని కొలుస్తారా మీరు?”

“మీరు దేన్ని బట్టి కొలుస్తరు? శాలువను బట్టా?”

ఆ రోజు టీ డబ్బులు నేనే ఇచ్చి, ఆయన కోసం ఆగకుండా మెట్రో ఎక్కేశాను. మర్నాడు ఆయన ఏమీ జరగనట్టే ఇయర్‌ఫోను తుడిచి నా ముందు పెట్టారు.

మేం బాగా పోట్లాడుకున్నది ‘ఇస్త్రీ బండి’ గురించి. ‘ట్యాంకర్’లో చివరి పాట. వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర నిలబడి ఎవరిదో చొక్కా చూస్తూ పాడే పాట. అందులో గిటారు ఎక్కడా తన విద్య చూపించుకోదు. మాట వెనకే నడుస్తుంది. పక్కవాద్యం అంటే అలా ఉండాలి. ఆ బ్యాండు చేసిన వాటిలో అదే ఉత్తమమని నా నిర్ణయం. ఇప్పటికీ అదే. ఆయనకు మాత్రం ఆ పాట ‘కూసున్నది’. “ఇస్త్రీ చేసిన చొక్కా లెక్క ఉన్నది సార్, వేసుకున్న చొక్కా లెక్క లేదు” అనేవారు. దాని మీద కొన్ని వారాలు మేం విడివిడిగా నడిచాం. తను ఫుట్‌పాత్ మీద ముందు, నేను నాలుగడుగులు వెనక. టీ మాత్రం ఒకే బల్ల దగ్గర తాగేవాళ్లం.

ఆ దెబ్బ సంగతి ఆయన చెప్పింది ఒక వానాకాలం సాయంత్రం, పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద వాన తగ్గేదాకా నిలబడ్డప్పుడు.

“మాకు రికార్డింగ్ అంటే బ్యాచ్‌కు బ్యాచ్‌కు నడుమ గ్యాపే సార్. కింద ఒక బ్యాచ్ దిగిపోతది, ఇంకో బ్యాచ్ ఎక్కుతది. గా నడుమల ఎంతైతే అంత. డ్రమ్ముల మీద దుప్పటి. నా బతుకంతా దుప్పట్లనే. చర్చిల వాయించేటప్పుడు పాస్టరయ్య తువ్వాల కప్పమనేటోడు. ఇంట్ల నాన్న నైట్ డ్యూటీ చేసి పండుకుంటడని దుప్పటి. అమీర్‌పేటల కింద క్లాసులని దుప్పటి. కింద ఇన్‌స్టిట్యూట్ ఓనరు ఒకసారి పైకొచ్చి ఒర్రిండు. క్లాసు టైంల ఒక్క సప్పుడు వినబడ్డా మీ సామాన్లు రోడ్డు మీద ఉంటయి అన్నడు.”

“ఆ రోజు?”

“ఆ రోజు పాట మస్తు నడుస్తుంది. మావోడు గట్ల ఎన్నడూ పాడలే. నేను కట్టె లేపి పట్టుకొని చూస్తున్న, వాక్యం అయిపోనీ, అయిపోనీ అని. ఇంతల కింద మైకు ‘హలో, హలో’ అన్నది. బ్యాచ్ మొదలైంది, అయిపోయింది మా పని అనుకున్న. చెయ్యి దడుసుకున్నది. కొట్టేసిన.” కాసేపు వాన చూశారు. “అది బీటు కాదు సార్. భయం. జనం చప్పట్లు కొడుతుండ్రు గద, నా భయానికి కొడుతుండ్రు.”

“మళ్లీ రికార్డు చేయలేదేం?”

“టైమ్ యాడున్నది? తర్వాత గ్యాప్‌ల ఇంకో పాట చేసినం. ఇంకోటి చెప్పాల్నా? గప్పుడు బ్యాచ్ సుత మొదలు కాలే. అటెండరు మైకు తుడుస్తుండె.”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. “మా భాషల ఇది ఓపెన్ డిఫెక్ట్ సార్. దొరికినంక మూసేయాలె. వీండ్లు దాన్ని ఫ్రేము కట్టి గోడకు పెట్టిండ్రు. వచ్చిన ప్రతి డ్రమ్మరు కూసొని నా తప్పును ప్రాక్టీస్ చేసి నేర్చుకుంటడు.”

ఆయన కోరిక ఒక్కటే. ఆ పాటను ఒక్కసారి, జనం ముందర, దుప్పటి లేకుండా, భయం లేకుండా, పడాల్సిన చోట దెబ్బ వేసి వాయించాలి. అంతకుమించి ఆ బ్యాండు నుంచి ఆయనకేమీ అక్కర్లేదు. అది చిన్న కోరిక అని ఎవరైనా అనుకోవచ్చు. నేను అనుకోలేదు. మనిషికి తన పేరు మీద తిరిగే అబద్ధాన్ని చెరిపేయాలని ఉండడం నాకు బాగా తెలిసిన సంగతే.

మొదటి ఆల్బమ్‌కు పదేళ్లు నిండిన ఏడు, ఆ బ్యాండులో పాడే అతను మా స్టాఫ్ రూమ్‌కు వచ్చాడు. ముప్పై దాటిన మనిషి, నున్నగా దువ్విన గడ్డం. మెట్లెక్కి వచ్చి గుమ్మం పట్టుకుని రొప్పుతున్నాడు.

“అన్నా, ఇంకా లిఫ్టు పెట్టియ్యలేదా?”

“పెడితే మీ పేరు పోతది రా. కూసో.”

వచ్చే నెలలో ఒక ఆదివారం సాయంత్రం బంజారా హిల్స్‌లో ప్రోగ్రాం ఉందని, పాతవాళ్లందరూ ఒక్కో పాటకు రావాలని, ‘తలుపు’కు ఈయనే కూర్చోవాలని అడిగాడు.

“వస్త,” అన్నారు ఈయన. “గని ఒక మాట. దెబ్బ దాని జాగల వేస్త.”

“ఏ జాగల అన్నా?”

“వాక్యం అయినంక.”

అతను నవ్వాడు. “జోకులు వద్దన్నా. జనం దాని కోసమే టికెట్ కొంటరు.”

“జోకు కాదురా. గది తప్పు.”

“తప్పు అయితే గింతమంది ఎందుకు ఇష్టపడతరన్నా?”

“అమీర్‌పేటల రోజుకు ఎంతమంది తప్పు కోర్సుల చేరుతరు? వాండ్లు సుత ఇష్టపడే చేరుతుండ్రు.”

అతను మళ్లీ నవ్వి, ఈయన భుజం చరిచి, “నీ ఇష్టం అన్నా, నువ్వు వస్తే సాలు” అని లేచాడు. ఒప్పుకున్నాడో, నవ్వులాటకు అన్నాడనుకున్నాడో నాకు అర్థం కాలేదు. ఈయన మాత్రం ఒప్పుకున్నట్టే తీసుకున్నారు. ఆ నెలంతా ఏ చదునైన వస్తువు కనబడినా దాని మీద సాధనే. నడుస్తూ నడుస్తూ ఆ వాక్యం గొణుక్కుని, ‘తలుపు’ దగ్గర కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని ఆపేవారు. ‘తీయి’ అయ్యాక వదిలేవారు. పదేళ్లుగా చెయ్యి ఆ చోట తనంతట తనే లేస్తోందట.

ఆ ఆదివారం నేనూ వెళ్లాను. ఆయన భార్య నర్సు. ఆవిడకు ఆ పూట డ్యూటీ. “మావాళ్ల దిక్కు నుంచి మీరే రావాలె సార్” అని ఈయనే అడిగారు. ఏదో కాఫీ హోటలు వెనక పచ్చిక మీద వేదిక. గేటు దగ్గర ఒక కుర్రాడు నా మణికట్టు మీద సిరా ముద్ర వేయబోయాడు. చేతి మీద ముద్ర వేయించుకునే అలవాటు మా ఇంట లేదని చెప్పాను. అతను బిత్తరపోయి ఊరికే వదిలేశాడు. లోపల కుర్చీలు లేవు. ఇస్త్రీ చొక్కా నలగకుండా ఒక పక్కన నిలబడ్డాను. చుట్టూ ఉన్నవాళ్లంతా నా విద్యార్థుల వయసువాళ్లు.

“అంకుల్, మీరు సుత ఫ్యానా?” అని పక్కనున్న అమ్మాయి అడిగింది.

“కాదమ్మా. వినడానికి వచ్చాను.”

ఎండ ఇంకా ఉండగానే ఈయన్ని వేదిక మీదకు పిలిచారు. చొక్కా చేతులు మడుచుకుంటూ వెళ్లి, డ్రమ్ముల వెనక కూర్చుని, పెళ్లిలో ముందు బంతికి కూర్చున్న మొహమాటస్తుడిలా అటూ ఇటూ చూశారు. తర్వాత కట్టెలు అందుకుని పరీక్షగా ఒక్కసారి అన్నిటి మీదా వాయించారు. నాకు గుండెల్లో తగిలింది. టిఫిన్ డబ్బాల మీద తప్ప ఆయన వాయించడం నేనెప్పుడూ వినలేదు. ఆ మనిషిలో అంత చప్పుడు ఉందని నాకు తెలియదు.

పాట మొదలైంది. ‘వాన ఆగింది...’ అందరూ చేతులు పైకెత్తి సిద్ధంగా ఉన్నారు. ‘తలుపు’ రాగానే ఆ పచ్చిక మీది తొడలన్నీ ఒక్కసారి చప్పుడు చేశాయి. వేదిక మీద మాత్రం ఏమీ పడలేదు. పాడే అతను వెనక్కి తిరిగి చూశాడు. ‘తీయి’ అన్న మాట వంకరగా బయటికి వచ్చింది. అయినా వచ్చింది. అది పూర్తయ్యాక, ఆ నిశ్శబ్దంలో, దెబ్బ పడింది. తలుపు తీయమన్నాక తలుపు తెరుచుకున్నట్టు. ఎంత సరిగా ఉందంటే, పదేళ్లుగా ఆ పాట ఊపిరి బిగబట్టుకుని ఉందనిపించింది.

ఆ తర్వాతి చరణం రాలేదు. పాడే అతను మాట మరిచిపోయి, రెండుసార్లు అందుకోబోయి, ఆపేసి, మైకులో నవ్వాడు.

“సారీ, సారీ! పదేండ్ల గ్యాప్ కద, అన్న మిస్సయిండు!”

అందరూ నవ్వారు. ప్రేమగానే నవ్వారు. “వన్స్ మోర్!” అని అరిచారు. “పర్లేదు అంకుల్, మళ్లీ కొట్టుండ్రి!” అని వెనక నుంచి ఎవరో. నా పక్కనున్న అమ్మాయి నా వైపు తిరిగి, “పాపం, టెన్షన్ పడిండు” అంది. నేను నోరు తెరిచాను. ఆమె ముఖంలోని జాలి చూసి మూసుకున్నాను.

ఆయన డ్రమ్ముల వెనక కదలకుండా కూర్చుని, పాడే అతని వైపు కాసేపు చూశారు. మళ్లీ వాయిస్తారు, మళ్లీ సరిగానే వాయిస్తారు, ఈసారి వీళ్లకు అర్థమవుతుంది అనుకున్నాను. గిటారు మొదలైంది. ‘వాన ఆగింది, ఇక తలుపు...’

దెబ్బ పడింది. ముందే పడింది. సరిగ్గా పదేళ్ల కింద పడ్డచోటే.

ఆ పచ్చిక లేచిపోయిందేమోనన్నట్టు అరుపులు. పాడే అతను కళ్లు మూసుకుని మిగిలిన చరణాలన్నీ పాడుకుంటూ పోయాడు. నేను మిగతా పాట వినలేదు. గేటు బయటికి వచ్చి రోడ్డు మీద నిలబడ్డాను. కాళ్లు పీకుతున్నాయి.

కాసేపటికి ఆయన వచ్చారు. చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. ఇద్దరం పంజాగుట్ట వైపు దిగువకు నడిచాం. సగం దారిలో నేను అడగకుండా ఉండలేకపోయాను.

“ఎందుకు లొంగిపోయారండీ?”

“లొంగలే సార్.”

“నెలంతా సాధన చేసి, సరిగా వాయించి, వాళ్లు నాలుగు అరుపులు అరవగానే...”

“అరుపులకు కాదు. మీరు మావోని ముఖం చూడలే?”

“నేను పాట వింటున్నాను.”

“వాడు పడిపోతుండె. పదేండ్ల సంది గా తప్పు మీదనే కాలు పెట్టి నడిచిండు. నేను ఒక్కపారి కింద నేల సాపు చేసేసరికి కాలు యాడ పెట్టాల్నో తెలుస్తలేదు వానికి. గంతమంది ముందల. నవ్వుతుండు గని, వేళ్లు గిటారు తీగెలు తడుముకుంటున్నయి.” జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. “పట్టుకున్న. గంతే.”

“మరి మీ సంగతి?”

“నాకేమైంది? గప్పుడు దడుసుకొని కొట్టిన. ఇయ్యాల చూసి కొట్టిన. కావాలని కొట్టిన. అదే దెబ్బ గని, భయం లేదు సార్ దాంట్ల.”

నాకు ఆ మాట మింగుడు పడలేదు. ఇప్పటికీ పడలేదు. తప్పు తప్పే. తెలిసి చేస్తే ఇంకా పెద్ద తప్పు.

“రెండిట్లో మొదటిదే బాగుంది,” అన్నాను.

“మొదటిది ఎవ్వరు వినలే సార్.”

“నేను విన్నాను.”

ఆయన ఫుట్‌పాత్ మధ్యలో ఆగిపోయారు. ఎదురుగా వచ్చేవాళ్లు పక్కకు తప్పుకుని పోతున్నారు. నా ముఖంలోకి చూసి, తలూపి, మళ్లీ నడక మొదలుపెట్టారు.

“విన్నరు. మీ చెవికి తిరుగు లేదు,” అన్నారు కొంచెం దూరం పోయాక. “గని పాట ఇనేటప్పుడు మీరు మనుషుల దిక్కు చూడరు, జమీందార్ సార్.”

పంజాగుట్టలో మెట్రో ఎక్కాం. ఆదివారం కావడంతో కూర్చునే చోటు దొరికింది. రైలు కదలగానే ఆయన కళ్లు మూతలు పడ్డాయి. తల కాసేపు ముందుకు, కాసేపు పక్కకు ఊగి, చివరికి నా భుజం మీద ఆగింది. చెమట వాసన. తొడల మీద వెల్లకిలా పడి ఉన్న చేతులు. ఆ వేళ్లు ఊరికే ఉండడం నేను మొదటిసారి చూశాను.

తర్వాతి స్టేషనే అమీర్‌పేట. నేను రైలు మారాల్సింది అక్కడ. తలుపులు తెరుచుకున్నాయి. దిగేవాళ్లు దిగారు, ఎక్కేవాళ్లు ఎక్కారు. నేను భుజం కదిలించకుండా కూర్చున్నాను. తలుపులు మూసుకున్నాయి. సనత్‌నగర్‌కు దిగాల్సిన ఎర్రగడ్డ దాకా ఆయన లేవలేదు. నేను లేపలేదు.